ఆకాశం దారి చూపే పెట్టెలు

ఆరెగాన్ రాష్ట్రం, అమెరికా

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

అమెరికా విశేషాలు రాయమని అడిగావు. ఎత్తయిన మేడలూ పెద్ద రోడ్లూ నువ్వు సినిమాల్లో చూసినవే. వాటిని వదిలేసి, ఏ సినిమాలోనూ నేను చూడని వింత ఒకటి రాస్తాను. ఉత్తరం పొడుగైనా ఓపికగా చదువు. చివర్లో నీకూ నువ్వు చదువు చెప్పే గుంటలకూ ఒక పని ఉంది.

ఈ దేశంలో అడవి దారుల పక్కన, పార్కుల్లో, వంతెనల కింద, ఊరి మధ్యలో బల్లల అడుగున లెక్కలేనన్ని పెట్టెలు దాగి ఉన్నాయి. వాటికి తాళం లేదు, కాపలా లేదు. దాచినవాళ్ళ ముఖం వెతికేవాళ్ళు తరచు చూసి ఉండరు. దొరికితే ఎవరైనా తెరవవచ్చు. తెరిచినవాళ్ళు లోపలున్న చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, మూత బిగించి, ఎక్కడిది అక్కడే పెట్టి వెళ్ళిపోతారు. పెట్టె ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాల అంకెల్లో ఉంటుంది. ఆ అంకెలు ఫోనులో వేసుకుని ఉపగ్రహాల సాయంతో వెతుక్కుంటూ పోవాలి. ఈ ఆటను జియోక్యాషింగ్ అంటారు. తండ్రీకొడుకులు, ముసలి దంపతులు, ఆఫీసు నుంచి ఇంటికి పోయేవాళ్ళు అందరూ ఆడుతున్నారు. ఇప్పుడు లోకంలో 190కి పైగా దేశాల్లో 30 లక్షలకు మించి ఇలాంటి పెట్టెలున్నాయి.

ఈ ఆట పుట్టింది ఈ రాష్ట్రంలోనే. పోర్ట్‌లాండ్ నగరానికి ఆగ్నేయంగా బీవర్‌క్రీక్ అనే ఊరుంది. నా మనవరాలు పట్టుబట్టి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళింది. రోడ్డు పక్కన ఆకాశమంత ఎత్తు ఫర్ చెట్లు, వాటి నీడలో నేలకు అమర్చిన ఒక లోహపు ఫలకం. చూడటానికి అంతే. దాని వెనక ఉన్న కథ మాత్రం పెద్దది.

చోటు చెప్పే ఈ జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనానికి అందే సంకేతాన్ని సైన్యం కావాలనే కొంత చెడగొట్టి వదిలేది. అందుకని జనం దగ్గరున్న పరికరాలు వంద మీటర్ల దాకా తేడా చూపించేవి. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ఆ చెడగొట్టడం ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ రాత్రి దాటేసరికి లోకంలోని పరికరాలన్నిటికీ చూపు తేటపడింది. ఇది ఎంత నిజమో చూద్దామని మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్టులో పుస్తకాలు, వీడియోలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా సర్ది, సగం నేలలోకి దింపి, ఈ చెట్ల మధ్య పెట్టాడు. ఉత్తరం 45° 17.460′, పడమర 122° 24.800′ అని ఇంటర్నెట్‌లో తోటి ఆసక్తిపరులకు చెప్పాడు. నచ్చినది తీసుకుని బదులు ఇంకేదైనా పెట్టాలన్నది ఒక్కటే నియమం. మూడు రోజులు తిరక్కుండా ఇద్దరు దాన్ని పట్టేశారు. మొదట పట్టిన మైక్ టీగ్, మరెవరు ఎక్కడ ఏం దాచినా జాబితా రాయడం మొదలుపెట్టాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ ఆ జాబితాతో వెబ్‌సైటు తెరిచేనాటికి ఉన్నవి 75 పెట్టెలే.

ఆ అంకెల దగ్గర నాలోని లెక్కల మేష్టారు ఆగిపోయాడు. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం. అక్షాంశంలో ఒక నిమిషం దూరమే ఓడవాళ్ళ నాటికల్ మైలు, 1852 మీటర్లు. ఈ ఆటలో నిమిషాన్ని మళ్ళీ వెయ్యి భాగాలు చేస్తారు. అంటే చివరి అంకె ఒకటి మారితే నువ్వు 1.85 మీటర్లు జరిగినట్టు, ఒక పెద్ద అంగ అన్నమాట. రేఖాంశం సంగతి వేరు. చివరి అంకె ఒకటి మారితే బీవర్‌క్రీక్‌లో జరిగేది 1.3 మీటర్లే. మన ఊరు కళింగపట్నంలో అదే 1.76 మీటర్లు. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయని బోర్డు మీద గీసి ఎన్నేళ్ళు చెప్పానో! దాన్ని కాళ్ళతో కొలిచి చూడవచ్చని ఇక్కడికొచ్చాక తెలిసింది.

20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ చోటూ తమ గడియారం వేళా చెబుతూ సంకేతాలు పంపుతుంటాయి. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోను దూరం లెక్కకడుతుంది. చోటు తేలడానికి మూడు దూరాలు చాలు గాని, ఫోను గడియారం ఉపగ్రహాల గడియారాలంత ఖచ్చితం కాదు. ఆ తప్పు సరిదిద్దడానికి నాలుగోది కావాలి. మన శ్రీహరికోట నుంచి 2013లో మొదలుపెట్టి పైకి పంపిన నావిక్ ఉపగ్రహాల సంకేతం కూడా కొన్ని ఫోన్లు అందుకుంటాయి. బయలు ప్రదేశంలో ఫోను అయిదారు మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. చెట్ల కింద, గోడల పక్కన సంకేతం అడ్డుపడి, ప్రతిఫలించి, ఆ తేడా పెరుగుతుంది.

ఆటలో ఆనందమంతా ఆ తేడాలోనే ఉంది. ఒక పార్కులో మొదటిసారి వెతికినప్పుడు ఫోను చూపిన చోట ఫెర్న్ మొక్కలు తప్ప ఏమీ లేవు. మనవరాలు ఫోను జేబులో పెట్టేయమంది. "తాతయ్యా, ఇంక ఫోను పని అయిపోయింది. నువ్వే దాచాలనుకుంటే ఇక్కడ ఎక్కడ దాస్తావో చెప్పు" అంది. చుట్టూ చూశాను. పడిపోయిన ఒక మాను, దాని మొదట్లో బెరడు ముక్కలు. అడవిలో బెరడు చెల్లాచెదురుగా రాలుతుంది, వరసగా పేర్చుకోదు. అవి తీసి చూస్తే ఆకుపచ్చ డబ్బా! లోపల పుస్తకం, పెన్సిలు, గోళీలు, ఒక బొమ్మ కారు. ముందు వచ్చినవాళ్ళ చేతిరాతల కింద తెలుగులో సంతకం పెట్టాను. ఆ పుస్తకంలో అదొక్కటే తెలుగు రాత.

కొత్తవాళ్ళకు పనికొచ్చే, మనవరాలి దగ్గర నేర్చుకున్న పద్ధతి రాస్తున్నాను. ముందు ఈ ఆటకోసం ఉచితంగా దొరికే యాప్ ఫోనులో వేసుకోవాలి. ప్రతి పెట్టెకూ రెండు మార్కులుంటాయి. వెతకడం ఎంత కష్టమో ఒకటి, అక్కడికి చేరడం ఎంత కష్టమో మరొకటి. రెండూ ఒకటి నుంచి అయిదు దాకా. చేరడంలో ఒకటి అంటే చక్రాల కుర్చీలోనూ పోవచ్చు, అయిదంటే పడవో తాళ్ళో కావాలి. మొదట రెండూ ఒకటిన్నర దాటని వాటినే ఎంచుకోవాలి. వేలిగోరంత డబ్బాలూ ఉంటాయి, వాటి జోలికి అప్పుడే పోకూడదు. ముందు వెళ్ళినవాళ్ళు రాసిన మాటలు చదివి, ఈమధ్య ఎవరికైనా దొరికిందో లేదో చూసుకోవాలి. కలం వెంట ఉండాలి, చిన్న డబ్బాల్లో కలం పట్టదు. వస్తువు తీసుకుంటే అంతకు తగ్గనిది పెట్టాలి. తిండి, కత్తి, అగ్గిపెట్టె, మందులు పెట్టకూడదు. తిండి వాసనకు జంతువులు డబ్బా చీల్చేస్తాయి. దారిన పోయేవాళ్ళు చూస్తుండగా తీయకూడదు, ఆట తెలియనివాళ్ళు పట్టుకుపోతే తరవాత వచ్చేవాళ్ళకు దక్కదు. దొరక్కపోయినా ఆ సంగతి యాప్‌లో రాయాలి. పెట్టె పోయిందేమోనని దాచినవాళ్ళు వచ్చి చూసుకోవడానికి అదే ఆధారం.

ఇంకో విచిత్రం విను. కొన్ని పెట్టెల్లో అంకె చెక్కిన లోహపు బిళ్ళలు ఉంటాయి. ఆ బిళ్ళను దాచుకోకూడదు, మరో పెట్టెకు చేర్చాలి. దాని అంకె వెబ్‌సైటులో కొడితే ఏ దేశాలు తిరిగి ఎంతెంత దూరం వచ్చిందో కనబడుతుంది. ముఖాలు తెలియని మనుషులు చేతులు మార్చుకుంటూ ఒక బిళ్ళకు లోకమంతా చూపిస్తున్నారు. 2008లో రిచర్డ్ గ్యారియట్ అనే యాత్రికుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనే ఒక జియోక్యాష్ నెలకొల్పాడు. 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద దిగిన పెర్సివరెన్స్ రోవరు పరికరంలోనూ ఇలాంటి బిళ్ళ అంకె ఒకటి ముద్రించి పంపారు. పిల్లలు ఆడే దాగుడుమూతలు గ్రహాలు దాటిపోయాయంటే ఒళ్ళు పులకరించదూ?

ఇప్పుడు మన ఊరి సంగతి. మన వైపు ఈ పెట్టెలు చాలా అరుదు. నేను దాచి ఊరుకుందామంటే కుదరదు. తడిసినా విరిగినా వెళ్ళి బాగుచేయగలిగేంత దగ్గర్లో ఉన్నవాళ్ళే దాచాలన్నది నియమం. అందుకే ఆ భారం నీ మీద పెడుతున్నాను.

తొందరపడి డబ్బా కొనకు. మొదటి మెట్టుగా గుంటలకు అంకెలు చదవడం నేర్పు. మన ఊరు సుమారుగా ఉత్తరం 18° 20′, తూర్పు 84° 07′ దగ్గర ఉంది. బడి గుమ్మం, లైట్‌హౌసు, మదీనా బాబా దర్గా, వంశధార గట్టు, ఒక్కో చోట నిలబెట్టి అంకెలు రాయించు. మర్నాడు ఒక జట్టు అంకెలు మరో జట్టుకిచ్చి ఆ చోట్లు కనుక్కోమను. తరవాత సముద్రం మీదికి పోయే పెద్దవాళ్ళను బడికి పిలువు. జీపీఎస్ రాకముందు ఒడ్డున ఉన్న రెండేసి గుర్తులు, చెట్టో కొండో గుడి గోపురమో, ఒకే వరసలోకి రావడం చూసి వల వేసే చోటు గుర్తుపట్టినవాళ్ళు వాళ్ళు. రెండు గీతలు కలిసేచోట ఒక బిందువు తేలుతుందని బళ్ళో చెప్పే పాఠం వాళ్ళు అలల మీద చేసి చూపారు. గుంటలు ఆ విద్య వాళ్ళ నోట వినాలి.

రెండో మెట్టు, డబ్బా అవసరం లేనిది. ఈ ఆటలో ఎర్త్‌క్యాష్ అని ఒక రకం ఉంది. 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘం మొదలుపెట్టింది. అక్కడ దాచేది ఏమీ ఉండదు. చోటుకు వెళ్ళినవాళ్ళు నేలనూ నీటినీ చూసి, అడిగిన ప్రశ్నలకు జవాబు రాయాలి. ఒడిశా కొండల్లో పుట్టి 250 కిలోమీటర్లు ప్రవహించి వంశధార సముద్రంలో కలిసే చోటు మన ఊరిది. ఇసుక దిబ్బ ఎటు పెరుగుతోంది, ఏటి నీరు ఏ పక్కనుంచి దారి చేసుకుంది, వానలకు ముందూ తరవాతా ఏటి మొగ ఎక్కడికి జరిగింది? ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలో ఉంది?

మూడో మెట్టు డబ్బా. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. మన దేశంలో దిక్కులేని పెట్టె కనబడితే జనం బాంబనుకుంటారు. కాబట్టి లోపలివి కనిపించే పారదర్శకమైన డబ్బా తీసుకుని, ఇది ఆట పెట్టె అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి, పంచాయతీ అనుమతి తీసుకుని, మన ఊళ్ళో మెరైన్ పోలీస్ స్టేషన్‌కి ముందే చెప్పు. నేల తవ్వి పాతకూడదు. ఒక పెట్టెకూ మరోదానికీ మధ్య 161 మీటర్లు ఉండాలి. వెబ్‌సైటు తరఫున స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు పరిశీలించాకే అది అందరికీ కనబడుతుంది. ఉప్పుగాలికీ తేమకూ కాగితం నిలవదు, రబ్బరు అంచున్న మూత చూసుకో. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక వైపు పోవద్దు. సరుగుడు తోట అంచు మేలు.

బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం కొండ మీద మాత్రం పెట్టె పెట్టవద్దు. రక్షిత కట్టడాల దగ్గర ఏ వస్తువూ దాచకూడదు. వెతికేవాళ్ళు తెలియక ఒక్క ఇటుక కదిపినా తిరిగిరాని నష్టం. 1919లో మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ బౌద్ధక్షేత్రాన్ని గుర్తించారు. తవ్వకాల్లో స్తూపాలు, ధాతుపేటికలు, తారాదేవి, మరీచి విగ్రహాలు బయటపడ్డాయి. ఆ పేటికలు ఉంచినవాళ్ళు ఎవరికీ అంకెలు చెప్పలేదు. అయినా ఆ రాళ్ళను ఆగి చూసిన కళ్ళకు చరిత్ర దొరికింది. గుంటలను అక్కడికి తీసుకెళ్ళి చూపించు, ముట్టుకోకుండా చూడటం కూడా ఈ ఆటలో మొదటి పాఠమే.

పెట్టెలో ఏముందన్నది పెద్ద విషయం కాదని ఇక్కడ చూసి తెలుసుకున్నాను. గోళీలకోసం ఎవరూ అడవికి పోరు. దాచినవాడు తనకు ఇష్టమైన చోటుకు పరాయివాణ్ణి రప్పిస్తున్నాడు. నా ఊళ్ళో ఇది చూడదగ్గది, వచ్చి చూడు అని పిలుస్తున్నాడు. మంచి చోటు తెలిసినవాడే మంచి పెట్టె దాచగలడు. అందుకే డబ్బా ఎక్కడ పెట్టాలో నువ్వు తేల్చకు. బయటి మనిషి మన ఊళ్ళో ఒకే ఒక్క చోటు చూడగలిగితే ఏది చూపిస్తారని గుంటలను అడుగు. వాళ్ళలో వాళ్ళు వాదించుకోనీ.

బయటివాళ్ళు కళింగపట్నం పేరు వినేది ఎక్కువగా తుపాను వార్తల్లోనే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటినప్పుడు కూడా మన ఊరికి ఉత్తరాన ఎంత దూరమన్నదే దేశమంతా విన్నారు. మన ఊరి పేరు చూసి ఇక్కడికి వచ్చి తీరాలి అనుకునేవాళ్ళు కూడా లోకంలో ఉండాలి. గుంటలు తేల్చుకున్న చోటు, దాని అంకెలు, అదే ఎందుకన్న కారణం వాళ్ళ చేతిరాతతో రాయించి నాకు పంపు. ఆ మూడూ మీ బళ్ళో సిద్ధమైన రోజు మీ ఆట మొదలైనట్టే.



ఆశీస్సులతో,
మీ మావయ్య