మూతి పేలినంత మాత్రాన

ఇక్కడి ఆస్పత్రుల్లో తెలుగు దుబాసీలుగా పనిచేసే నాలాంటి వాళ్ళకి మొదటిరోజే ఒక సూత్రం నేర్పుతారు: చేర్చకు, తీసెయ్యకు, మార్చకు. డాక్టరు అన్నది అన్నట్టు తెలుగులో, రోగి అన్నది అన్నట్టు ఇంగ్లీషులో. షుగరు, బీపీ, గుండెపోటు, వీటితో పేచీ లేదు. మనవాళ్ళకి అవి ఇంట్లో మాటల్లాగే అయిపోయాయి. నా నోరు ఒక్క క్షణం ఆగేది ఒక్క మాట దగ్గరే. హెర్పీస్.

తెలుగులో మాట లేక కాదు. సర్పి అనే పాత మాట ఉంది. హెర్పీస్ అన్నది గ్రీకులో 'పాకడం' అనే క్రియ నుంచి వచ్చింది. సంస్కృతంలో సర్పం కూడా అదే మూలం నుంచి పుట్టింది. చర్మం మీద పాకే పొక్కుల్ని చూసి గ్రీకువాడికీ మనవాడికీ ఒకే ఊహ తట్టిందన్నమాట. అయితే పరీక్ష గదిలో కూర్చున్న పాతికేళ్ళ అమ్మాయికి సర్పి అంటే తెలీదు. హెర్పీస్ అంటే మాత్రం తెలుసు, లేదా తెలుసనుకుంటుంది. చిక్కంతా అక్కడే.

ఈ వైరస్‌లో రెండు రకాలు. మొదటిది ఎక్కువగా నోటి దగ్గర, రెండోది ఎక్కువగా మర్మాంగాల దగ్గర. ఒకసారి ఒంట్లోకి వచ్చిందా, ఇక పోదు. పొక్కు మానిపోయాక నరాల ముడుల్లో దాక్కుంటుంది. పెదవి మీద వచ్చినదైతే ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో, కింద వచ్చినదైతే వెన్ను అడుగు భాగంలో. జ్వరమో, ఎండో, మనసుకి కష్టమో తగిలినప్పుడు ఆ నరం వెంటే మళ్ళీ బయటికొస్తుంది. కొందరికి ఎన్నడూ రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వాళ్ళలో 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి, మొదటి రకం ఉంది. అది చాలామందికి చిన్నతనంలోనే అంటుకుంటుంది. రెండో రకం 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో 52 కోట్ల మందికి ఉంది.

ఆ 380 కోట్లలో మనమూ ఉన్నాం. కాకపోతే మన ఇళ్ళల్లో దాన్నెవరూ హెర్పీస్ అనలేదు. "జ్వరం వచ్చి మూతి పేలింది" అన్నారు, ఇంత వెన్న రాశారు, మర్చిపోయారు. దీని దాయాది వైరస్ ఒకటి ఆటలమ్మని తెస్తుంది. దానికైతే ఏకంగా అమ్మవారి పేరే పెట్టి, పక్క మీద వేపాకు పరిచారు. అదే పొక్కు నడుము కింద కనిపిస్తే మాత్రం సుఖరోగం అన్నారు. ఒకే కుటుంబంలో ఒకరికి వెన్న, ఒకరికి వేపాకు, ఒకరికి వెలి.

ఊరూ, ఏడూ, మనుషుల ఆనవాళ్ళూ తీసేసి ఒక సంగతి చెబుతాను. పెళ్ళయి ఏడాది కాని జంట. అమ్మాయికి నడుము కింద పుళ్ళు లేచాయి. పరీక్షలో హెర్పీస్ మొదటి రకమని తేలింది. డాక్టరమ్మ చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. అతను నావైపు తిరిగి, "అంటే ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చినట్టండీ?" అన్నాడు. అమ్మాయి తలెత్తలేదు. ఆ ప్రశ్నకి జవాబు ఇవ్వడం నా పని కాదు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టాను.

"ఏ పరీక్షా అది చెప్పలేదు" అంది డాక్టరమ్మ. "ఏ లక్షణమూ లేకుండా ఏళ్ళ తరబడి ఉండొచ్చు. పెదవి మీద ఉన్నది నోటి ద్వారా కిందికీ అంటుకోవచ్చు. మీలో ఎవరికైనా కోల్డ్ సోర్లు వస్తుంటాయా?"

కోల్డ్ సోర్ అన్న మాటని తెలుగు చేశాను. "జ్వరం వచ్చినప్పుడు మూతి పేలుతుంటుందా?"

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు చిన్నప్పట్నుంచీ పేలుతుందండీ. పదో క్లాసు పరీక్షలప్పుడు కూడా... అదీ ఇదేనా?" అన్నాడు.

"అదీ ఇదే."

అమ్మాయి అప్పుడు తలెత్తింది. ఆ గదిలో మొదటిసారి నోరు విప్పి, "దీనికి మందుందా?" అని అడిగింది. అప్పటిదాకా నేరం గురించి నడిచిన మాట ఆ ప్రశ్నతో జబ్బు దగ్గరికి వచ్చింది. నేనేమీ చేర్చలేదు, మార్చలేదు. అతని ఇంట్లో ఆ పొక్కుని ఏమనేవాళ్ళో ఆ మాటే వాడాను.

ఈ వెలి మన దగ్గరే ఉందనుకోనక్కర్లేదు. 1982 ఆగస్టులో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఎర్రటి హెచ్ అక్షరం వేసి హెర్పీస్‌ని ఈనాటి 'స్కార్లెట్ లెటర్' అంది. వ్యభిచారం చేసిందని ఒకావిడ గుండెల మీద ఎర్ర అక్షరం తొడిగించడం హాథార్న్ నవలలోని కథ. అదే ఏడు మార్చిలో అసైక్లోవిర్ లేపనానికి అమెరికాలో అనుమతి దొరికింది. వలస వచ్చిన తల్లిదండ్రులకు న్యూయార్కులో పుట్టి, పీహెచ్‌డీ పూర్తి చెయ్యకుండానే 1988లో నోబెల్ అందుకున్న గెర్ట్రూడ్ ఎలియన్, ఆవిడ బృందం ఈ మందు ఎలా పనిచేస్తుందో తేల్చారు. మామూలు కణాల్లో అది దాదాపు నిద్రపోతూ ఉంటుంది. వైరస్ చేరిన కణంలో ఆ వైరస్ ఎంజైమే దాన్ని లేపుతుంది. లేచిన మందు వైరస్‌ని నకళ్ళు తీసుకోనివ్వదు. నరాల్లో దాక్కున్నదాన్ని మాత్రం పెకలించలేదు. టీకా ఇంకా రాలేదు.

నిజంగా భయపడాల్సిన చోటు వేరే ఉంది. నెల నిండని పసిగుడ్డు. ప్రపంచం మొత్తం మీద లక్ష కాన్పులకి పదిమంది బిడ్డలకి వచ్చే అరుదైన జబ్బే. కానీ వైరస్ మెదడుకో కాలేయానికో చేరితే, వెంటనే అసైక్లోవిర్ ఎక్కించకపోతే ప్రాణాలే పోవచ్చు. ఎక్కువగా కాన్పు వేళ తల్లి నుంచి వస్తుంది. కొన్నిసార్లు పెదవి మీద పొక్కు ఉన్నవాళ్ళు పెట్టిన ముద్దుతో వస్తుంది.

కూతురి పురిటికి ఇండియా నుంచి వచ్చిన ఒక అమ్మమ్మకి ప్రయాణం బడలికకి పెదవి కొసన పొక్కు లేచింది. అది పూర్తిగా మానేదాకా బిడ్డని ముద్దు పెట్టుకోవద్దని, ఎత్తుకునే ముందు చేతులు కడుక్కోవాలని నర్సు చెప్పింది. "నా మనవణ్ణి నేను ముద్దు పెట్టుకోకూడదా? నేను నలుగుర్ని పెంచలేదూ!" అందావిడ, గొంతు వణుకుతుంటే. అదీ చెప్పాను. నర్సు నొచ్చుకోలేదు. "ఇందులో మీ తప్పేం లేదు, సగానికి పైగా జనానికి ఉన్నదే. బిడ్డకి ఇంకా తట్టుకునే శక్తి లేదు, అంతే" అంది.

అమ్మమ్మ కాసేపు ఆలోచించింది. "ఆటలమ్మ పోస్తే, పొక్కులెండి స్నానం పోసేదాకా పసిపిల్లల్ని ఆ గడప తొక్కనిచ్చేవాళ్ళం కాదు. అలాంటిదేనంటావా, తల్లీ?" అని నన్నడిగింది. నర్సుని అడిగాను. అలాంటిదేనంది.

ఆవిడ లేచి చేతులు కడుక్కుని, ఉయ్యాలకి ఇంత దూరంలో నిలబడి, బిడ్డ వైపు రెండు చేతులూ చాచి, కణతలకు ఆనించి మెటికలు విరిచింది. అదేమిటని నర్సు నన్నడిగింది. నేను ఆవిడనే అడిగాను.

"ముద్దుకి బదులని చెప్పమ్మా" అంది.

అన్నది అన్నట్టే చెప్పాను.