డాక్టరు కోట్నీసు

"ఇంట గెలిచి రచ్చ గెలువుము" అనుట మన పెద్దల మాట. తన ఇల్లు చక్కబెట్టుకొనక పరుల పనికి పరుగెత్తువానిని లోకము మెచ్చదు. అయినను పొరుగింట నిప్పంటుకొన్నప్పుడు, తన ఇల్లు చక్కబడువరకు ఆగుము అని ఎవరనగలరు? 1938వ సంవత్సరమున మన దేశమునకు ఇట్టి పరీక్షయే ఎదురయ్యెను.

అంతకు ముందటి యేట, 1937 జూలై మాసమున, జపాను సేనలు చైనాపై దండెత్తెను. పట్టణములు బాంబుల దెబ్బకు కూలెను. గాయపడినవారు వేలకు వేలు. వారికి శస్త్రచికిత్స చేయగలవారు మాత్రము మిక్కిలి తక్కువ. చైనా సేనానియైన చూ తే, జవహర్లాల్ నెహ్రూకు లేఖ వ్రాసి వైద్యసహాయము కోరెను.

అప్పటికి భారతదేశము పరాధీనము. మన పల్లెలలోనే వైద్యుడు లేక జ్వరములకును, కలరాకును ఎందరో బలియగుచుండిరి. అయినను, నాటి కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోసు పిలుపు నందుకొని ప్రజలు చందాలిచ్చిరి. ఐదుగురు వైద్యులు ముందుకు వచ్చిరి. అలహాబాదునుండి అటల్, నాగపురమునుండి చోల్కర్, కలకత్తానుండి బసు, ముఖర్జీ, షోలాపురమునుండి ద్వారకానాథ్ కోట్నీసు. వీరికి నాయకుడు అటల్. ఆయన అంతకు ముందే స్పెయిను యుద్ధమున వైద్యసేవ చేసినవాడు.

షోలాపురము మరాఠీ సీమయే యైనను, తెలుగు సాలెవారు పెక్కుమంది స్థిరపడిన నేతపట్టణము. కోట్నీసు అక్కడ 1910లో జన్మించెను. బొంబాయిలో వైద్యము చదివెను. ఇరువదియెనిమిదేండ్లైన నిండని ఆ యువకుడు పై చదువులకు సిద్ధపడుచుండగా ఈ పిలుపు వినవచ్చెను. చదువు మాని ఓడ యెక్కెను.

1938 సెప్టెంబరు నెలలో వైద్యులు చైనా చేరిరి. యెనాను పట్టణమునకు బయలుదేరకముందే కోట్నీసునకు ఇంటినుండి దుర్వార్త వచ్చెను: తండ్రి మరణించెను. తోడివారు ఇంటికి పొమ్మనిరి. తల్లియు, తోబుట్టువులును దుఃఖించుచుండగా దూరముననుండుట సులభమైన పని కాదు. కాని, పని మొదలు పెట్టకయే మరలిపోవుటకు అతని మనస్సు ఒప్పలేదు. కన్నీరు తుడుచుకొని ముందునకే సాగెను.

1939 ఫిబ్రవరిలో వారు యెనాను చేరిరి. అక్కడ ఇండ్లు మట్టికొండలను తొలిచిన గుహలు, ఆసుపత్రియు గుహలలోనే. కాలక్రమమున ముగ్గురు వైద్యులు స్వదేశమునకు మరలిరి. కోట్నీసు, బసు మాత్రము నిలిచిపోయిరి.

పిదప కోట్నీసు ఉత్తరమున యుద్ధరంగమునకు పోయెను. అక్కడ ఆసుపత్రియనగా భవనము కాదు. శత్రువు సమీపించినపుడెల్ల రోగులను, పనిముట్లను తరలించుకొని మరియొక పల్లెకు పోవలసినదే. మందులు కొరత; పరికరములు కొరత. 1940లో జరిగిన పోరులో కోట్నీసు మూడు దినములు, మూడు రాత్రులు కన్ను మూయక శస్త్రచికిత్సలు చేసెనని చెప్పుదురు.

ఆ ప్రాంతముననే అంతకు ముందు నార్మన్ బెథ్యూన్ అను కెనడా వైద్యుడు సేవ చేసెను. చికిత్స చేయుచుండగా వ్రేలు తెగి, ఆ గాయము విషమించి, 1939 నవంబరులో మరణించెను. ఆయన పేర వెలసిన ఆసుపత్రికి 1941లో కోట్నీసు అధిపతి యయ్యెను.

అతడు చేసిన పనులలో మిక్కిలి గొప్పది శస్త్రచికిత్స కాదేమో. అతడు చైనా భాషను శ్రద్ధతో నేర్చెను. ఆ భాషలోనే రోగిని పలుకరించెను. ఆ భాషలోనే విద్యార్థులకు పాఠములు చెప్పెను. ఒక వైద్యుని చేతులు ఎంతమందిని కాపాడగలవు? ఆ చేతులు మరి పదిమంది చేతులకు పని నేర్పినచో, అతడు పోయిన పిమ్మటను పని ఆగదు. ఈ సత్య మెరిగియే అతడు శస్త్రవైద్యమును గూర్చి విద్యార్థులకు గ్రంథము వ్రాయ మొదలిడెను.

1941లో అతడు ఆ ఆసుపత్రిలో పనిచేయు కువో చింగ్‌లాన్ అను నర్సును వివాహమాడెను. మరుసటి యేట కుమారుడు కలిగెను. ఆ బిడ్డకు యిన్‌హువా అని పేరిడిరి. 'యిన్' అనగా భారతదేశము, 'హువా' అనగా చైనా.

కాని అతని దేహము అలసిపోయెను. మూర్ఛవ్యాధి తరచుగా పీడించుచుండెను. విశ్రాంతి తీసికొమ్మని మిత్రులు కోరినను అతడు పని విడువలేదు. 1942 డిసెంబరు 9వ తేదీన మరణించెను. అప్పటికతనికి ముప్పదిరెండేండ్లు, బిడ్డకు నాలుగు నెలలైన నిండలేదు. గ్రంథము అసంపూర్ణముగ మిగిలెను.

తరువాత లోకము మారెను. 1962లో భారతదేశమును చైనాయు యుద్ధము చేసెను. సరిహద్దు వివాదము నేటికిని తీరలేదు. అయినను షిజియాజువాంగ్ నగరమున కోట్నీసు సమాధికి గౌరవము తరుగలేదు. ప్రజలు నేటికిని అచట పూలుంచుచుందురు. ప్రభుత్వముల స్నేహము రాకపోకలు గలది. గాయమునకు కట్టిన కట్టు మాత్రము మరవబడదు.

ఇంట గెలువక కోట్నీసు రచ్చకు పోయెనా? విద్యార్థులారా, మీరే యోచింపుడు. దుఃఖించు మనుష్యుడున్న చోటెల్ల తన ఇల్లే యని తలచినవానికి రచ్చ ఎక్కడిది?