చిమ్మట రాని తోట

యక్కాను విత్తనం నుంచి పెంచుతున్నానని చెబితే తోటపని తెలిసిన మిత్రులు సైతం కొంచెం జాలిగా చూస్తారు. అంగడిలో ఎదిగిన మొక్క దొరుకుతుంది. తల్లిమొక్క మొదట్లో పిలకలు పుడతాయి, ఒకటి తవ్వి నాటుకుంటే సరిపోతుంది. విత్తనం వేసినవాడు పూవును చూడాలంటే తక్కువలో తక్కువ నాలుగైదేళ్ళు ఆగాలి. మినెసోటా వంటి చలిసీమలో ఇంకా ఎక్కువే. అయినా పిలక తల్లికి అచ్చమైన నకలు. విత్తనంలో ఇద్దరు ఉంటారు. ఆ రెండవవారు ఎవరు, ఎలా వచ్చారు అన్నదే ఈ మొక్క కథలో ఆసక్తికరమైన భాగం.

చూపులకు ఇది మన రైలుకట్టల వెంట, చేలగట్ల మీద కంచెగా పెరిగే కిత్తనారకు చుట్టం. వృక్షశాస్త్రజ్ఞులు కూడా రెండింటినీ ఒకే కుటుంబంలో చేరుస్తారు. కిత్తనార ఒక్కసారి పూచి ప్రాణం విడుస్తుంది. యక్కా పూచిన తరువాత కూడా పక్క పిలకలతో కొనసాగి మళ్ళీ పూస్తుంది. పేరు మాత్రం పొరపాటున వచ్చింది. కరీబియన్ దీవుల వారు కర్రపెండలాన్ని పిలుచుకునే మాటను ఐరోపా వారు ఈ మొక్కకు తగిలించారు. 1597లో వెలువడిన జాన్ గెరార్డ్ మూలికాగ్రంథంలోనే ఆ గందరగోళం ఉంది. 1753లో లిన్నేయస్ ఆ పేరునే స్థిరపరిచాడు. గోదావరి జిల్లాలలో సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలానికీ, దీనికీ ఏ బంధుత్వమూ లేదు.

యక్కా అనగానే ఎడారి మనసులో మెదులుతుంది. మొహావీ ఎడారిలోని జాషువా చెట్టు ఈ జాతిదే కనుక అందులో తప్పు లేదు. అయితే యక్కా గ్లాకా అనే రకం అమెరికా నడుమనున్న మహామైదానాల మీదుగా ఉత్తరానికి నడిచి కెనడాలోని ఆల్బర్టా దక్షిణపు అంచును చేరుకుంది. సన్నని, నీలిబూడిద రంగు ఆకులు దానివి. ఆగ్నేయ రాష్ట్రాలకు చెందిన ఫిలమెంటోసా ఆకులు వెడల్పుగా ఉంటాయి, అంచుల వెంట తెల్లని నూలుపోగులు వేలాడుతూ ఉంటాయి. మా తోటలో ఉన్నవి ఈ రెండే.

విత్తనాలు నల్లగా, పలుచగా, కాయ గదులలో నాణేలు పేర్చినట్టు ఉంటాయి. ఫిబ్రవరిలో వాటిని ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళలో నానబెట్టి, ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో లోతైన కుండీలలో వేస్తాను. వేరు ముందు నేరుగా కిందికి దిగుతుంది కనుక నిస్సారమైన పళ్ళెంలో అది ఇమడదు. ఇరవై, ఇరవై అయిదు సెల్సియస్ డిగ్రీల వెచ్చదనం ఉంటే రెండు మూడు వారాలలో పచ్చని సూది ఒకటి వంగి పైకి లేస్తుంది, కొసన నల్లని విత్తనపు టోపీతో. ఆ టోపీని లాగి తీయాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. తీయకూడదు. మొలక ఇంకా అందులోనుంచి ఆహారం తీసుకుంటూనే ఉంటుంది. మొదటి ఏడాది ఇది గడ్డిపరకలా ఉంటుంది. తెలియనివారు కలుపు అనుకుని పీకేస్తారు.

చలి ఈ మొక్కను చంపుతుందని అందరూ అనుకుంటారు. మినెసోటా చలి చిన్నదేమీ కాదు. 1996 ఫిబ్రవరి 2న ఇక్కడి టవర్ అనే ఊళ్ళో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 60 ఫారెన్‌హీట్ డిగ్రీలకు పడిపోయింది. కానీ శరదృతువు నుంచే మొక్క సిద్ధమవుతుంది. కణాలలో చక్కెరలు పేరుకుంటాయి. మంచు కణాల మధ్య ఖాళీలలో గడ్డకడుతుంది, కణం లోపలి నీరు కొంత బయటికి పోయి మిగిలిన రసం చిక్కబడుతుంది. చలికి వేలు కొయ్యబారిన రోగులను చూసిన నాకు ఈ ఏర్పాటు అసూయ కలిగిస్తుంది. గడ్డకట్టిన నీరు మన కణాలను నాశనం చేస్తుంది, ఇది మాత్రం నీటికి ముందే దారి చూపి బయటికి పంపుతుంది.

అసలు శత్రువు తడి. మొవ్వులో నిలిచిన నీరు, బంకమట్టిలో నిలిచిన నీరు మొదలును కుళ్ళబెడతాయి. అందుకే ఇంటి దక్షిణపు గోడ పక్కన ఇసుక, కంకరతో దిబ్బ పోసి, రెండు శీతకాలాలు మంచు పడని చల్లని కొట్టంలో గడిపిన మొక్కలను మూడవ వసంతంలో అక్కడ నాటాను. మొదళ్ళ చుట్టూ ఆకుల ఎరువు కాకుండా గులకరాళ్ళు పరిచాను. జనవరిలో మోకాటి లోతు మంచు దుప్పటి పని చేస్తుంది. ఒకరోజు కరిగి మరుసటిరోజు గడ్డకట్టే మార్చి నెలే భయపెట్టేది. అప్పుడు పైన వాలుగా ఒక అద్దపు పలక అమరుస్తాను.

ఇక పూవుల సంగతి. తెల్లని గంటలు సాయంకాలం విచ్చుకుంటాయి. పుప్పొడి జిగటగా ముద్దకట్టి ఉంటుంది, గాలికి ఎగరదు. కేసరాలు కీలాగ్రానికి దూరంగా వంగి ఉంటాయి. ఎవరో ఒకరు తెచ్చి పెట్టాలి. ఆ ఎవరో ఒక చిన్న తెల్లని చిమ్మట అని 1872లో గమనించినవాడు ఒక వైద్యుడు, జార్జ్ ఎంగెల్మన్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, అమెరికాకు వచ్చి, సెయింట్ లూయిస్‌లో వైద్యం చేస్తూ మిగిలిన కాలమంతా మొక్కలకు ఇచ్చినవాడు. పూవుల వికృతరూపాల మీద ఆయన రాసిన విద్యార్థి సిద్ధాంతవ్యాసం 1832లో చివరి రోజులలో ఉన్న గెటే చేతికి చేరి మెప్పు పొందింది. చిమ్మట నడవడిని ఆపై నిశితంగా పరిశీలించినవాడు మిస్సోరీ కీటక శాస్త్రజ్ఞుడు చార్లెస్ రైలీ. ఆ వివరాలు చదివి డార్విన్ అబ్బురపడ్డాడు.

ఆడ చిమ్మట నోటి దగ్గరి వంకీలతో పుప్పొడిని ఉండచేసి మోసుకుపోతుంది. మరో పూవు అండాశయంలో గుడ్డు పెట్టి, తరువాత పైకెక్కి పుప్పొడిని కీలాగ్రపు గుంటలో అదిమి పెడుతుంది. పిల్లపురుగులు కొన్ని విత్తనాలు తింటాయి, మిగిలినవి మొక్కవి. అత్యాశకు పోయి మరీ ఎక్కువ గుడ్లు పెడితే మొక్క ఆ పూవునే రాల్చేస్తుంది. ఇంత కచ్చితమైన ఒడంబడికకు సాక్షి లేడు, పత్రమూ లేదు.

మా తోటకు ఆ చిమ్మట ఎన్నడూ రాలేదు. ఫిలమెంటోసా ఏటా జూలైలో దీపస్తంభంలా పూచి, ఒక్క కాయ కూడా కట్టకుండా రాలిపోయేది. మొక్కకు లోటు ఏమీ కనిపించదు. ఆకు పచ్చగా, పూవు నిండుగా ఉంటుంది. వంశం మాత్రం అక్కడ ఆగుతుంది.

చిమ్మట లేని ఐరోపాలో ఈ పనిని మనుషులు తమ చేతిలోకి తీసుకున్నారు. నేపుల్స్‌లో కార్ల్ స్ప్రెంగర్ అనేక సంకరాలు సృష్టించాడు. ఫిలమెంటోసా, గ్లాకాల సంకరానికి జర్మనీలోని కార్ల్స్‌రూహ నగరం పేరు నిలిచింది. నేనూ ఆ జంటనే ఎంచుకున్నాను. చిక్కేమిటంటే గ్లాకా ముందు పూస్తుంది, ఫిలమెంటోసా తరువాత. కనుక గ్లాకా పుప్పొడిని కాగితపు పొట్లంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో దాచి, రెండవది విచ్చుకున్న సాయంకాలం దాని కేసరాలు తుంచి, పళ్ళుపుల్ల కొసతో ఆ ముద్దను గుంటలో పెట్టాను. పదకొండు పూవులకు పెడితే మూడు కాయలు నిలిచాయి.

ప్రవాసులం ఈ మొక్కలో మనల్ని చూసుకోవడం తేలిక. నేను ఎంతో కాలం ఆ పోలికకు లొంగలేదు, మొక్కకు బెంగ ఉండదు కనుక. కానీ నా అలమరలో నలభై ఏళ్ళుగా చేరిన తెలుగు పుస్తకాలు ఉన్నాయి. మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవదు. అల్లుడు నార్వే సంతతివాడు. వాళ్ళ అబ్బాయికి ఎనిమిదేళ్ళు. భాష ఇంట్లో పూస్తూనే ఉంది, కాయ కట్టడానికి మాత్రం ఎవరో పూనుకోవాలి. ఊళ్ళో అయితే ఆ పని బడి, వీధి, గోడమీది సినిమా ప్రకటన, బస్సు మీది పేరు కలిసి తెలియకుండానే చేసిపెడతాయి. ఇక్కడ అవేవీ రావు. పళ్ళుపుల్ల పట్టుకోవలసింది నేనే. ఆదివారాలు వాడికి గంటసేపు చదివి వినిపిస్తున్నాను. పదకొండుకు మూడు అన్న లెక్క ఇక్కడ కూడా నాకు సమ్మతమే.

సంకర మొలకలలో ఏడు ఇప్పుడు దిబ్బ మీద ఉన్నాయి. మొదటి రెండేళ్ళూ ఏది ఎవరి పోలికో చెప్పడం సాధ్యం కాలేదు. ఈ వసంతంలో ఒకదాని నీలిబూడిద ఆకుల అంచున సన్నని పోగులు కనబడ్డాయి. ఇంకా ఏదీ పూయలేదు. ప్రతి దాని పక్కన తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ తెలుగులో రాసిన రేకుచీటీ గుచ్చాను. మనవడు వాటిని ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదువుతాడు. గ్లాకా దగ్గరకు వచ్చేసరికి లావొత్తు చూసి ఆగి, నా ముఖం వైపు చూసి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు.