తాళం తీసేసిన తెల్ల పెట్టె

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డు అది. ఒక పక్క వెల్డింగ్ రవ్వలు, ఇంకో పక్క గ్రైండర్ రొద, మధ్యలో ఛాసిస్ మీదెక్కి రేకు బిగిస్తున్న కుర్రాళ్ళు. ఆఫీసు గది బయట గోడకు బిగించిన ఫస్ట్ ఎయిడ్ బాక్సు చూడ్డానికే మేం వెళ్ళాం.

పెట్టెకు తాళం లేదు. "తాళం ఉన్నన్నాళ్ళూ సామాను భద్రంగానే ఉండేదండీ, దెబ్బ తగిలినవాడికే అందేది కాదు" అని నవ్వాడు మేస్త్రి. తాళంచెవి గుమాస్తా జేబులో, గుమాస్తా బ్యాంకులో. ఎప్పుడైనా తెరిస్తే కరెంటు బిల్లులు, ఫ్యూజు తీగ, అగరొత్తుల ప్యాకెట్టు, అడుగున ఏనాటిదో అయోడిన్ సీసా. ఈ అలవాటు ముందే తెలుసేమో, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్లో నిర్ణయించిన సామాను తప్ప మరేదీ పెట్టెలో ఉంచకూడదని పనిగట్టుకుని రాశారు. 150 మందికి ఒక పెట్టె చొప్పునైనా ఉండాలని, ప్రథమ చికిత్సలో సర్టిఫికెట్ ఉన్న మనిషి దాని బాధ్యత చూస్తూ పని వేళల్లో అందుబాటులో ఉండాలని కూడా అందులోనే చెప్పారు.

ఇక్కడ ఆ బాధ్యత మేస్త్రిది. ఏ వస్తువు ఎన్ని ఉండాలో, దేనికి ఎప్పుడు గడువు తీరుతుందో రాసి తలుపు లోపలివైపు అంటించాడు. పక్కనే దారానికి పెన్ను. ఎవరు ఏం తీసినా గీత పెట్టాలి. ప్లాస్టర్ల ఎదుట గీతలు కిక్కిరిసి ఉన్నాయి, ముక్కోణపు కట్టుగుడ్డ ఎదుట ఒక్కటీ లేదు. అలాగని దాన్ని తీసెయ్యడు. చెయ్యి విరిగిన రోజు మెడకు వేలాడదీయడానికి అదే కావాలి.

మేం ఉండగానే ఒక కుర్రాడు వేలు పట్టుకుని వచ్చాడు. రేకు అంచు కోసింది. మేస్త్రి చేతులు సబ్బుతో కడుక్కుని గ్లవ్స్ వేసుకున్నాడు. కుళాయి కింద గాయం కడిగించి గాజ్ ప్యాకెట్టు తీశాడు. మూల చిరిగి ఉంది. గడువు ఇంకా ఉన్నా పక్కన పడేసి ఇంకోటి విప్పాడు. గట్టిగా అదిమి పట్టించి, చెయ్యి పైకెత్తి ఉంచమన్నాడు. దూది నేరుగా గాయం మీద పెట్టడు, పోగులు అంటుకుపోతాయి. నెత్తురు ఆగాక కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నావని అడిగితే కుర్రాడు బుర్ర గోక్కున్నాడు.

పాత వైద్యాలతోనే పెట్టెకు అసలు పేచీ. కోతకు పెట్రోలు, కాలితే టూత్‌పేస్టు, వెల్డింగ్ వెలుగు కొట్టిన కళ్ళకు బంగాళదుంప చెక్కలు! కంట్లో ఇనుపరజను పడితే అగ్గిపుల్లతో తీసే నిపుణులూ ఉన్నారు. వాళ్ళ నైపుణ్యం కనుగుడ్డు మీద గీత పడ్డాక గానీ తెలియదు. అందుకే సెలైన్ ఐవాష్ సీసాలు తెప్పించారు. మూత తీశాక మిగిలింది పారబోయాల్సిందే, ఆ ఖర్చుకు ఓనరు మొదట్లో గొణిగాడట. కడిగినా నలుసు పోకపోతే రుద్దకుండా కంటి ఆసుపత్రికి పంపేస్తారు. కాలిన చోటికి మాత్రం ముందు కావలసింది కుళాయే, 20 నిమిషాలు దాని కింద పెట్టాలి.

వేసవిలో రేకుల షెడ్డు వేడికి ప్లాస్టర్ల జిగురు పాడైపోతోందని పెట్టెను వెల్డింగ్ వైపు నుంచి ఈ గోడకు మార్చారు. తలనొప్పి మాత్రలు ఉంచరు. ఎవరికి ఏ మందు పడదో తనకేం తెలుసంటాడు మేస్త్రి.

లోటల్లా రాత్రి పనికే. డెలివరీ తొందరుంటే పది దాటాక కూడా వెల్డింగ్ నడుస్తుంది, అప్పటికి మేస్త్రి ఇంటికెళ్ళిపోతాడు. రాత్రి వాళ్ళలో ఒకరిని సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ళ శిక్షణకు పంపమని అడుగుతున్నాడు. పని రోజు పోతుందంటాడు ఓనరు, ఆదివారం బ్యాచ్ ఉందేమో కనుక్కోమన్నాడు.