లాప్‌టాప్ బ్యాటరీ: పట్టుపురుగు నేర్పిన పాఠము

హిందూపురమునకు సమీపమున గల పరిగి మండలములోని ఒక పల్లె మాది. మేము ముగ్గురము మిత్రులము. రెండేండ్ల క్రితము తలా కొంత వేసుకొని ఒక పాత లాప్‌టాప్ కొన్నాము. మా మూడు ఇండ్లకు అదే గ్రంథాలయము, దరఖాస్తులు పంపుటకు అదే ఆధారము.

దానిని ప్రాణముగా చూసుకొంటున్నామనే తలచాము. రేకుల గదిలో ఉంచి, రేయింబవళ్ళు ఛార్జరు తగిలించియే ఉంచేవారము. నిండుకుండకు కొదువ లేదని మా నమ్మకము. రెండు వేసవులు గడిచేసరికి మూడు గంటలు నిలిచే బ్యాటరీ ఇరవై నిమిషములకు దిగజారింది. ఉపకార వేతనపు దరఖాస్తుకు చివరి దినమున సాయంకాలము కరెంటు పోయింది. మాలో ఒకని ధ్రువపత్రములు సగము ఎక్కకముందే తెర నల్లబడింది. కరెంటు వచ్చేసరికి గడువు ముగిసింది. అతడు ఒక్క మాట అనలేదు. సెలవులలో కూలికి వెళ్ళి ఫీజు కట్టుకొన్నాడు. ఆ మౌనము మమ్ము నేటికీ బాధిస్తున్నది.

అతని తల్లి పట్టుపురుగులు పెంచుతుంది. సంగతి విని, "పురుగులకు వేడి తగలకుండ తడిగోనెలు కడతాము గదా నాయనా! మీ మిషనును మాత్రము రేకుల కింద మాడబెడితిరే!" అన్నది.

ఆ మాటలోని సత్యము తరువాత చదివి తెలుసుకొన్నాము. నేటి లాప్‌టాప్‌లలో ఉండునది 1991లో సోనీ సంస్థ తొలుత విపణిలోనికి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ. దానికి మూలమైన కృషికి గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. ఛార్జి ఎక్కునపుడు లిథియం అయాన్లు ఒక ధ్రువము నుండి మరొక ధ్రువమునకు పోతాయి. వాడునపుడు తిరిగి వస్తాయి. వేడి వలనను, ఎల్లప్పుడు నూటికి నూరు ఛార్జి ఉంచుట వలనను లోపల అనవసర చర్యలు పెరిగి, కొంత లిథియం శాశ్వతముగా చిక్కుపడిపోతుంది. పోయిన శక్తి మరల రాదు. పూర్తిగా అయిపోయిన పిదపనే ఛార్జి చేయవలెనను మాట పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది. దీనికి అది మేలు చేయదు.

కనుక ఛార్జి 20కి తగ్గక, 80కి మించక ఉండుట మేలు. 80 వద్ద ఆపు ఏర్పాటు అనేక లాప్‌టాప్‌లలో ఉన్నది. పరుపుపై గాక బల్లపై ఉంచవలెను. తెర వెలుగు తగ్గించినచో ఆ పూటకు మరికొంత సేపు నిలుస్తుంది. దీర్ఘ సెలవులలో సగము ఛార్జితో చల్లని చోట భద్రపరచవలెను. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు, నిప్పంటుకొను ప్రమాదమున్నది. పట్టుపురుగునకు హితమైన సుమారు 25 డిగ్రీల వేడిమియే దీనికిని హితము.

కళాశాల పాలకవర్గమునకు ఒక మనవి. దరఖాస్తుల దినములలో ఇన్వర్టరు గల ఒక చల్లని గదిని విద్యార్థులకు కేటాయించినచో ఎందరికో మేలగును.

ఈ ఏడు కొత్త బ్యాటరీ వేయించాము. మిత్రుని దరఖాస్తును గడువుకు పది దినముల ముందే పంపాము. సోదర విద్యార్థులారా, బ్యాటరీని కాపాడుకొనండి. అయితే చివరి దినము వరకు దానిని నమ్ముకొని కూర్చుండకండి.