మూడో కూజా విచ్చుకుంది!

పొద్దున్నుంచి ఇంటికొచ్చిన వాళ్లందరినీ కాఫీ కంటే ముందు బాల్కనీకే లాక్కెళ్తున్నా. మా నెపెంథిస్‌కి మూడో కూజా మరి! "ఏం పువ్వండీ?" అంటారు. పువ్వు కాదు, ఆకే. కొస తీగలా సాగి, చివర ఉబ్బి, మూతతో సహా కూజా అవుతుంది. తేనెకి ఆశపడ్డ చీమ అంచు మీద జారిందా, లోపలి రసంలోకే.

మొదటి మొక్కని నేనే చంపుకున్నా. బోరు నీళ్లు, పైగా ప్రేమకొద్దీ వర్మీకంపోస్టు! సారంలేని నేలలో బతకడానికే పురుగులు పట్టే మొక్కకి విందు పెడితే ఏమవుతుంది? ఇప్పుడు వాన నీళ్లే.

ఇది నర్సరీ హైబ్రిడ్డే. మన దేశపు అడవుల్లో పెరిగేది ఒక్క నెపెంథిస్ ఖాసియానా, మేఘాలయలో. దాని జోలికి పోను.

"దోమల్ని తింటుందా?" అని అమ్మ. ఇంకా ఒక్కదాన్నీ పట్టలేదు.