నివురుగప్పిన నేల

పాలంగ్కరాయ శివార్లలోని కెరెంగ్ బంగ్కిరాయ్ రేవులో పడవెక్కగానే కంటబడేది నీటి రంగు. చిక్కటి కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది. ఇండోనేసియాలోని మధ్య కాలిమంటాన్ రాష్ట్రంలో పారే సెబంగావ్ నదికి ఆ నలుపు వేల ఏళ్లుగా నానుతున్న ఆకులు, కొమ్మలు, వేళ్ల నుంచి వచ్చింది. నది వెంట విస్తరించిన చిత్తడి అడవిని 2004లో జాతీయ పార్కుగా ప్రకటించారు. ఒరాంగుటాన్లకు అది పెట్టింది పేరు. కానీ ఆ అడవి అసలు సంపద చెట్ల కింద ఉంది.

ఎప్పుడూ నీరు నిలిచే ఆ నేలలో రాలిన ఆకులు పూర్తిగా కుళ్లవు. గాలి అందక పొరలుపొరలుగా పేరుకుంటాయి. పీట్ అనే ఈ నేల ఏడాదికి ఒకట్రెండు మిల్లీమీటర్లు పెరగడమే గొప్ప. అయినా కొన్నిచోట్ల 10 మీటర్ల మందం దాటింది. ఎండిన పీట్ బరువులో దాదాపు సగం కార్బనే. దానికి కాపలా నీరు.

ఆ కాపలాను తొలగించింది సుహార్తో ప్రభుత్వం. 10 లక్షల హెక్టార్ల చిత్తడిలో వరి పండించాలని 1995లో నిర్ణయించి, ఆ మరుసటి ఏడాది నుంచి 4,000 కి.మీ.కు పైగా కాలువలు తవ్వించింది. ఆమ్లగుణం గల ఆ నేలలో వరి సరిగా పండలేదు. కాలువలు మాత్రం నీటిని లాగేశాయి. అంతలో 1997లో ఎల్‌నినో కరువు వచ్చింది. పొలాలు, తోటల కోసం తుప్పలు తగలబెడితే నిప్పు నేలలోకి దిగింది.

పీట్ మంట ఊక కుంపటి లాంటిది. పైకి మంట కనిపించదు, లోపల రాజుకుంటూనే ఉంటుంది. నేల మళ్లీ నీటితో నిండేదాకా అది పూర్తిగా ఆరదు. ఆ ఒక్క ఏడాది ఇండోనేసియా పీట్, అడవుల మంటల్లో 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల కార్బన్ గాలిలో కలిసిందని 2002లో 'నేచర్' పత్రికలో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ప్రపంచమంతా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ఏటా వదిలే కార్బన్‌లో అది 13 నుంచి 40 శాతానికి సమానం.

2015లో మళ్లీ అదే కథ. దేశంలో 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి. 300 దాటితేనే ప్రమాదకరమనే కాలుష్య సూచీ పాలంగ్కరాయలో 2,000 మించింది. నష్టం 1,610 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. పొగ కొన్నాళ్లకు విడిపోయింది. కాలిన చోట్ల ఫెర్న్ మొక్కలు మొలిచి పచ్చదనం తిరిగొచ్చింది. కానీ ఆ పచ్చదనం కింద పోయిన పీట్ తిరిగి రావాలంటే వేల ఏళ్లు పడుతుంది. పైగా చెట్ల నీడ లేక నేల మరింత ఎండి, మరో నిప్పుకు సిద్ధమవుతుంది.

ఈ గొడవ తెలుగు వంటింటికి మరీ దూరమేమీ కాదు. కాకినాడ రేవులో దిగే పామాయిల్‌కు ఇండోనేసియా, మలేసియాలే పుట్టిళ్లు. ఆ దేశాల్లో కొన్ని తోటలు వెలిసింది ఇలా నీరు తీసేసిన పీట్ నేలల్లోనే.

2016లో ఇండోనేసియా పీట్ పునరుద్ధరణ సంస్థను నెలకొల్పి కాలువలకు అడ్డుకట్టలు వేయడం మొదలుపెట్టింది. సాగులో ఉన్న పీట్ నేలలో నీటిమట్టం 40 సెంటీమీటర్ల లోతుకు మించి దిగరాదన్నది నిబంధన. అయినా 2019లో మళ్లీ మంటలు రేగాయి. 2020లో ప్రభుత్వం మధ్య కాలిమంటాన్‌లో కొత్త ఆహార పంటల పథకం చేపట్టింది. పాత వరి పథకం విఫలమైన ప్రాంతం కూడా అందులో ఉంది.

నిప్పు పెట్టినవారిని పట్టుకోవాలని ప్రతి వేసవిలోనూ వినిపిస్తుంది. పట్టుకోవలసిందే. కానీ కాలువలు తెరిచి ఉన్నంతకాలం ఒక్క అగ్గిపుల్ల చాలు.